నా గడ్డం, అత్తమ్మ దారం

నాకు పదహారో ఏట గడ్డం వచ్చింది. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. మా అన్నకు ఇరవై దాటినా మూతి మీద నూగు తప్ప ఏమీ లేదు. నాకు మాత్రం గదవ కింద నల్లగా, బిరుసుగా వెంట్రుకలు మొలుచుకొచ్చాయి. "పంచేటప్పుడు దేవుడు కండ్లు మూసుకున్నడా ఏంది?" అని మా అమ్మ ఆయన్నే తిట్టింది. వికారాబాదు దవాఖానలో డాక్టరమ్మ నా నెలసరి సంగతి కూడా అడిగి, ఒంట్లో గ్రంథులు సరిగ్గా పని చేయకపోతే ఇలా అవుతుందని, ఇందులో నా తప్పేమీ లేదని చెప్పింది. మందు మాత్రం తన దగ్గర లేదంది.

మందు పక్కింట్లో మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ముస్లిం ఆవిడ దగ్గర దొరికింది. కుట్టుదారం ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, మిగతాది రెండు చేతులతో మెలిపెట్టి వెంట్రుకను మొదలంటా లాగేయడం ఆవిడ మా అమ్మకు నేర్పింది. లాగుతుంటే కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారేవి. అయితేనేం, పదిహేను రోజులు ముఖం నున్నగా ఉండేది.

పోలీసు యాక్షన్ అయిన ఆరేడేళ్ళకు నన్ను తాండూరుకు ఇచ్చారు. మా ఆయన నాపరాళ్ళ గనిలో మేస్త్రీ. ఇంట్లో ఆయన, అత్తమ్మ, నేను, అంతే. ఇద్దరూ మంచివాళ్ళు. అదే నా పీకల మీదికి వచ్చింది. చెడ్డవాళ్ళయితే తెలిస్తే తెలియనీ అనుకునేదాన్ని. వీళ్ళకు తెలిసిపోయి, గడ్డం పిల్లను అంటగట్టారని పుట్టింటికి పంపించేస్తే? నాకు ఆ ఇంట్లోనే ఉండాలని ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను.

అందుకని పదిహేను రోజులకోసారి మా అమ్మకు ఒక రోగం తెప్పించేదాన్ని. ఒకసారి జ్వరం, ఒకసారి నడుం నొప్పి, ఒకసారి కళ్ళు తిరిగి పడిపోవడం. ఆయన నన్ను పొద్దుటి బండి ఎక్కించేవాడు. వికారాబాదు స్టేషన్లో నాన్న దింపుకునేవాడు. అమ్మ గుండ్రాయిలా ఉండేది. "గీ తడవ నాకేం రోగమే?" అని అడిగి మరీ దారం తీసేది. పని అయ్యాక ఇద్దరం పడీ పడీ నవ్వుకునేవాళ్ళం. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

చెప్పిన రోగాలే ఎన్నిసార్లు చెప్తాం? ఒకసారి ఏమీ తోచక, అమ్మకు పక్షవాతం వచ్చిందన్నాను. నోటికి హద్దుండొద్దూ!

ఆ రోజు నేను పుట్టింటికి చేరాక, మధ్యాహ్నం బండికి అత్తమ్మ కూడా దిగింది. చంకలో జొన్నరొట్టెల మూట, చేతిలో కాళ్ళకు రాయడానికి నూనె సీసా. గాబరాగా లోపలికి వచ్చేసరికి, కాలూ చెయ్యీ పడిపోయిన మా అమ్మ నా తలను ఒళ్ళో ఇరికించుకుని, పళ్ళ మధ్య దారం బిగించి టకటకా లాగుతోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ నోట్లోంచి దారం జారిపోయింది. అత్తమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చేసింది.

"గిందుకా పిల్లా? గీ గడ్డానికా ఊకూకె ఉరికొస్తున్నవ్? నా ఇంట్ల నీకు మనసు పడ్తలేదనుకున్న. ఇగ ఒకనాడు పోయినదానివి పోయినట్టే, మల్ల రావనుకున్న. నువ్వు బండెక్కిన దినం నాకు బువ్వ గూడ పోకుంటుండె!"

"నీకు తెల్సా అత్తమ్మా?"

"తెల్వకేం? పెండ్లిల నలుగు పెట్టి నీ మొకమంత రుద్దింది నేనే గదా. నా చేతికి గరుకు తగల్లేదా?"

అయ్యో రాత! పెళ్ళి హడావిడిలో దారం పట్టే రోజు దాటిపోయింది; నలుగు అత్తగారు కూడా పెడుతుందన్న సంగతి నాకూ తట్టలేదు, మా అమ్మకూ తట్టలేదు. సిగ్గు కంటే ఎక్కువగా నాకు ఏడుపొచ్చింది. నా భయంలో పడి ఆమె భయం నేను చూడనే లేదు.

అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని అమ్మ వైపు తిరిగింది. "వదినె, ఇగ నీకు పక్షవాతం తగ్గింది గదా. జర గా దారం పట్టుడు నాకు నేర్పు." ఆమెకు ముందు పళ్ళు లేవు. అందుకని దారం కొసను మెడకు కట్టుకుని, పడిపోయిందన్న అమ్మ చేతి మీదే నేర్చుకుంది. అమ్మ కేకలు ఖాలా ఇంటిదాకా వినపడ్డాయి. నేనైతే ఆపమనలేదు.

పదిహేను రోజులకు తాండూరులో నేను తలుపు వేయబోతే, "గీ చీకట్ల నాకేం కనవడ్తది?" అని అత్తమ్మ నన్ను వాకిట్లోకి లాక్కొచ్చి ఎండలో కూర్చోబెట్టింది. అంతలోనే పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏం చేస్తున్నవక్కా?"

"కనవడ్తలేదా? నా కోడలి గడ్డం తీస్తున్న."

భూమి చీలితే దిగిపోదామనిపించింది. గట్టిగా కళ్ళు మూసుకున్నాను. గోడ అవతలి నుంచి పక్కింటామె చిన్న గొంతుతో, "నా మూతి మీదియి గూడ జర తీస్తవా అక్కా?" అంది.

"తీస్త, వచ్చి కూసో. ముందుగాల నా బిడ్డది కానియ్యి," అంది అత్తమ్మ.