నలభై ఒకటో చీటీ

ఫిబ్రవరి నెల రెండో మంగళవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకు నేను ఫోనులో ఒక చర్మవైద్యుడి పేజీ కింద ప్రశ్న రాశాను. రాసింది ఇది: "మా చర్చి సోదరికి ముప్పయ్యారేళ్లు. ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ. గిల్లితే తెలియదు. కుష్ఠు అన్నారు. మాత్రలు మొదలుపెట్టి పన్నెండు రోజులు. నర్సీపట్నం బస్ కాంప్లెక్స్ ఎదుట ఇడ్లీ బండి నడుపుతుంది. పిండి రుబ్బవచ్చా?"

పేరు రాయలేదు. అంత జాగ్రత్త చాలనుకున్నాను.

తపాలా ఆఫీసులో ముప్పయ్యొక్క ఏళ్లు పనిచేసినదాన్ని. తేదీ, వివరం సరిగా లేనిదేదీ నా బల్ల దాటి వెళ్లేది కాదు. డాక్టరుకు రాస్తున్నాను కాబట్టి అన్నీ రాశాను. అంటించిన ఇన్‌లాండ్ కవరులా అది నేరుగా ఆయనకే చేరుతుందనుకున్నాను.

మా స్త్రీల సమాజంలో ప్రార్థన మనవులు చీటీల మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. పేరు ఉండదు. ఒక్కో చీటీకి నేను వరుస అంకె వేసి, తేదీతో పుస్తకంలో ఎక్కిస్తాను. మంగళవారం సాయంత్రం అంకె చదివితే అందరూ ప్రార్థిస్తారు. ఏ అంకె ఎవరిదో చాలామంది నాకు కూడా చెప్పరు. నలభై ఒకటి తనదని ఇడ్లీ బండి ఆమె చెప్పింది. చర్చి వెనక కుళాయి దగ్గర గాజులు పైకి జరిపి మచ్చ చూపించింది.

"మందు మింగిన కాడ్నించీ ఎవులికీ అంటుకోదని డాక్టరు సెప్పేరండి. జనం నమ్మరు గదా. ఈ మాట మీ కాడే ఉంచండమ్మగారూ. బండి పోతే నాకింకేటీ నేదు."

ఉంచుతానన్నాను. కానీ వారానికి రెండుసార్లు నేనూ ఆ బండి దగ్గరే తింటాను. డాక్టరు ఆమెకు చెప్పిన మాట నాకు రూఢి కావాలనిపించింది. ఆమె కోసమే అడిగానని తర్వాత చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

పన్నెండూ ఇరవై అయిదుకు సమాజం కార్యదర్శి ఫోను చేసింది.

"వందనాలమ్మగారూ. మీరు రాసింది సూసేను. ఆమెన్ పెట్టీసేను."

"నీకెలా కనిపించింది?"

"నా ఫోన్లోకొచ్చిందండి. మీరు కామెంట్ రాసేరని, మీ ఫోటోతో సహా. ఇడ్లీ బండంటే మనావిడేనా?"

నేను పలకలేదు.

"మీరు పలకనేదంటే ఔననే గదండి."

ఫోను తెరిచి చూశాను. నా ప్రశ్న కింద పద్దెనిమిది ఆమెన్లు, చేతులు జోడించిన బొమ్మలు. మా ఆడవాళ్లలో జబ్బు మాట చదివి ఆమెన్ పెట్టకుండా దాటిపోవడం తప్పు. పెట్టిన ప్రతి ఆమెనూ ఆ ప్రశ్నను మరి కొందరి ఫోన్లలోకి తీసుకుపోతోంది. సమాజం గ్రూపులో "దయచేసి ఎవరూ ఆమెన్ పెట్టకండి" అని రాశాను. నాలుగు నిమిషాల్లో దాని కింద ఏడు ఆమెన్లు వచ్చాయి.

తీసెయ్యడం నాకు తెలియదు. మెయిన్ రోడ్డు మీది సెల్ షాపుకు నడిచాను. నాకంటే ముందు ఇద్దరున్నారు. నా వంతు వచ్చేసరికి ఆమెన్లు ముప్పయ్యొకటి.

"తీసీగలను గానీ అమ్మగారూ," అన్నాడు షాపతను, "కొన్న రోజునే అడిగింది గదా ఫోను, మీరు సేసిందల్లా మీవోళ్లకి సూపించమంటారా అని. అలౌ నొక్కేరు."

"నాకు గుర్తులేదు."

"ఎవులికీ గుర్తుండదండి. నానూ నొక్కీసేను."

"నేను నొక్కాను. ఆవిడ నొక్కలేదు కదా."

"ఏ ఆవిడండి?" అని తెర మీదకు వంగాడు. నేను అరచెయ్యి అడ్డం పెట్టాను.

"చదవకుండా తియ్యి."

"సెయ్యి తీత్తే గదండీ నాను తీసేది."

చెయ్యి తీశాను. డాక్టరు జవాబు అప్పుడే కనిపించింది. "రుబ్బవచ్చు. మందు వాడుతుంటే ఎవరికీ భయం లేదు." దాని కింద ఒక్క ఆమెన్ కూడా లేదు. ఒంటి గంటా యాభై రెండుకు ప్రశ్న పోయింది, దానితోపాటు ఆ జవాబూ పోయింది.

సాయంత్రం ఆమె బండి నాలుగింటికి పెడుతుంది. వేరే ఎవరూ చెప్పకముందే నేనే చెప్పాలని నాలుగుకి పది నిమిషాల ముందే వెళ్లాను. రోజూ ఆమె దగ్గర తినే షేర్ ఆటోల వాళ్లు అప్పటికే పక్క బండి దగ్గర నిలబడి తింటున్నారు. ఎవరో నా ప్రశ్నను ఫోటో తీసి వాళ్ల గ్రూపులో పెట్టారట. ఆమె మొదటి వాయి దించి మూత తీయకుండా నిలబడి ఉంది. ఎడమ చేతికి తువ్వాలు చుట్టుకుంది.

"నేనే రాశాను," అన్నాను. "డాక్టరుకని రాశాను."

"సదివేనండి," అంది. "వయసూ, సెయ్యీ, రోజులూ, బండి కాడికి దారీ, అన్నీ బాగా రాసేరు. పేరు కూడా రాసీవలసింది."

"ఒక ప్లేటు పెట్టమ్మా."

"మీరు రూఢి సేసుకున్నారు గాబట్టి తింతారు," అంది. "ఆళ్లెలా తింతారు?"

పెట్టింది. అందరికీ కనిపించేలా స్టూలు మీద కూర్చుని తిన్నాను. తర్వాత రోజూ వెళ్లి తిన్నాను. డాక్టరు చెప్పిన మాట ఆటోల వాళ్లకు చెప్పాను. విన్నారు. పక్క బండి దగ్గరే తిన్నారు.

ఆ ప్రశ్న ఫోనులో ఉన్నది రెండు గంటల పన్నెండు నిమిషాలు. ఆమె పూటకు ఆరు వాయిలు తీసేది, మర్నాటి నుంచి ఒకటి. పంతొమ్మిదో రోజున బండి మూసింది. బండి ఇప్పుడు గొలుగొండలో ఆమె అక్క ఇంటి వెనక ఉంది, ఆమె జీడితోట పనికి వెళుతోంది. మాత్రలు ఆపలేదు, ఆరు నెలలూ పూర్తి చేసింది. ఆ మంగళవారం డబ్బాలో పద్నాలుగు చీటీలు ఉన్నాయి. తర్వాతి మంగళవారం రెండు. ఆ పై వారం ఒక్కటీ లేదు, ఇప్పటికీ లేదు.