అబ్బాసియాలో సిద్ధయ్య సరస్సు

సిద్ధయ్యకు ఉన్నది ఒకటే జబ్బు. కువైట్‌లోని అబ్బాసియాలో ఏ సందుకు దారి అడిగినా ఆస్ట్రియా మీదుగా చెబుతాడు.

"అన్నా, దోసెల హోటలు యాడుందన్నా?" అని ఊరి నుంచి కొత్తగా దిగినవాడు అడుగుతాడు.

"రైల్వే స్టేషను దాటినాక గోపురం వస్తాది. గోపురానికి కుడిపక్క రెండో సందు."

కువైట్‌లో రైలే లేదు. ఆ కొత్తవాడు నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో పట్టాల కోసం గంటసేపు వెతికి, ఇంటికి ఫోన్ చేసి, "ఈడోళ్లకు ఎండకు మతులు చెడినాయిమా" అన్నాడట.

సిద్ధయ్యది రాయచోటి పక్క. పద్నాలుగేళ్లుగా ఒకే కువైటీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటివాళ్లు ప్రతి వేసవికీ జెల్లమ్సీ పోతారు. జర్మన్‌లో ఆ పేరు ఇంకోలా పలుకుతారు గానీ, గల్ఫ్ నోళ్లలో నలిగి జెల్లమ్సీగా స్థిరపడింది. ఆల్ప్స్ కొండల మధ్య ఒక సరస్సు, దాని ఒడ్డున ఒక ఊరు. జూలైలో ఆ ఒడ్డున ఆస్ట్రియావాణ్ణి చూడాలంటే అరబ్బు ఆడవాళ్ల నల్ల అబాయాలు పక్కకు జరిపి వెతుక్కోవాలని ప్రతీతి.

ఆ ఊరిని సిద్ధయ్య తెచ్చి అబ్బాసియా మీద దుప్పటిలా పరిచేశాడు. బిర్యానీ హోటలు రైల్వే స్టేషను. సెల్ టవరు చర్చి గోపురం. మలయాళీ కిరాణా కొట్టు పడవల రేవు. పక్కన పోయే ఆరు వరసల పెద్ద రోడ్డు సరస్సు. ఇక ఖాసిం వలి టైలరు షాపు, సిద్ధయ్యకు వీసా ఇచ్చిన కఫీలు అక్కడ అద్దెకు తీసుకునే అపార్ట్‌మెంటు.

"నా షాపుకు నేను అద్దె కడతాంటే, ఈయన దాంట్లో కువైటీలను దింపినాడు సార్," అని ఖాసిం వలి నాతో మొరపెట్టుకునేవాడు.

నాకు మాత్రం ఒళ్లు మండేది. నేను తిరగని రేవు లేదు. బస్రా ఖర్జూర తోటల్లో జ్వరంతో పడుకున్నాను, జాంజిబార్‌లో లవంగాల బస్తాల మీద నిద్రపోయాను. రెండేళ్లుగా ఇక్కడ ఒక టైపింగ్ సెంటర్లో నివాస అనుమతికి ఇఖామా కాగితాలు నింపుతున్నాను. ఇంత తిరిగీ మంచుకొండ కింద సరస్సును మాత్రం చూడలేదు. శుక్రవారం వలి షాపులో జనం చేరినప్పుడు నేను "జాంజిబార్‌లో ఒకసారి" అంటే అందరికీ టీ గుర్తొచ్చేది. సిద్ధయ్య "జెల్లమ్సీలో" అంటే చేతిలో టీ చల్లారిపోయేది. నేను అబ్బాసియాకు రాకముందే అతను ఎన్నిసార్లు పోయొచ్చాడో అని లెక్కవేసుకుంటూ పళ్లు కొరుక్కునేవాణ్ణి.

అసూయపడ్డవాడు చదివినంత శ్రద్ధగా పరీక్ష రాసేవాడు కూడా చదవడు. ఆ సరస్సు నాలుగు కిలోమీటర్ల పొడవనీ, పన్నెండు వందల ఏళ్ల కిందట క్రైస్తవ సన్యాసులు అక్కడ కుటీరం వేసుకున్నారనీ, సాల్జ్‌బర్గ్ నుంచి రైలెక్కితే గంటన్నర చిల్లర ప్రయాణమనీ బట్టీపట్టాను. అదును చూసి అందరిముందూ అడిగాను.

"సిద్ధయ్యా, ఆ ఊరికి రైలుమార్గం వేసింది ఏ సంవత్సరంలో?"

"నాకు తెల్దు సార్. రైలు దిగినాక సరస్సు ఏ చేతికి వస్తాదో గావాలంటే చెప్తా."

"పద్దెనిమిది వందల డెబ్బై అయిదు!" అన్నాను.

"సరస్సు ఏ చేతికన్నా?" అని అడిగారు జనం, సిద్ధయ్య వైపు తిరిగి.

మొన్న మేలో అతనికి కొత్త శ్రోత దొరికింది. పేరు వెంకటేశ్వరి, పులివెందుల పక్క మనిషి. సిద్ధయ్య పనిచేసే ఇంట్లోనే పనికి కుదిరింది. చదువు రాదు. జూలైలో మామాతో, అంటే ఆ ఇంటి యజమానురాలితో, జెల్లమ్సీ పోవాలి. తప్పిపోతానేమోనని ఆమెకు భయం. నాలుగేళ్ల కిందట ఆ ఇంటి పనిమనిషి తిరుపాలమ్మ అక్కడ దారి తప్పి మూడు గంటలు ఆలస్యంగా వస్తే, మామా "ఖలాస్" అని ఇండియా టికెట్టు చేతిలో పెట్టింది. వెంకటేశ్వరి కూతురు కడపలో నర్సింగ్ చదువుతోంది. చదువు ముగిసేదాకా ఈ పని నిలవాలి.

ప్రతి శుక్రవారం సిద్ధయ్య ఆమెను వెంటబెట్టుకుని సందుసందూ తిప్పుతూ, "ఇది రేవు, ఇది గోపురం" అంటుంటే చూసి, గొప్పలు చెప్పుకోవడానికి కూడా హద్దుండాలనుకున్నాను.

జూలై రెండో శుక్రవారం వలి షాపులో ఉండగా సిద్ధయ్య ఫోను మోగింది. స్పీకర్లో ఏడుపు.

"సిద్ధన్నా, తప్పిపోయినా! నల్ల అబాయా, చేతిలో అట్లాంటి సంచే. మామా అనుకోని ఎనకాల్నే పడవెక్కేసినా. దిగినాక మొగం తిప్పితే వేరే మామా!"

"మరి ఫోనెట్ల చేస్తాండావు?"

"ఆయమ్మే నెట్టు ఇచ్చింది. ఆమె నిన్ననే వచ్చిందంట, ఏం తెల్దంట. అయిదుకు నేను వంటింట్లో ఉండాలన్నా. ల్యాకపోతే తిరుపాలక్క గతే!"

"ఏడవద్దు మే. గోపురం యాడుంది?"

"నీళ్లకవతల."

"స్టేషను?"

"అదీ అవతలే."

సిద్ధయ్య మొహం పాలిపోయింది. "పెద్ద రోడ్డు దాటేసినావా! నిన్నెవరు దాటమన్నారు మే?"

షాపులో కుట్టుమిషన్లు ఆగిపోయాయి. నిజం చెప్పొద్దూ, నా లోపల చిన్న పండగ మొదలైంది.

"అన్నిసార్లు పోయొచ్చావు, అవతలి గట్టు తెలీదా?" అన్నాను.

"నేనా? నేనెప్పుడు పోయినా సార్? ఎయిర్‌పోర్టు దాకానే నా ప్రయాణం. పోయొచ్చినోళ్లను ఇంటికి తెచ్చేలోపల కార్లో అడుగుతా, ఏ చేతికి తిరిగినారు, యాడ దిగినారు అని. తిరుపాలక్కను ఊరికి పంపిన్నాడు నేనే దింపినా. ఎవరన్నా ముందే ఒక గుర్తు చెప్పింటే అని దావంతా ఒకటే ఏడుపు. చదువు రానోళ్ల చేతికి మ్యాపు ఇస్తే ఏం లాభం సార్, కాళ్లకు నేర్పియ్యాల. అవతలికి మనోళ్లు ఎవరూ పోల్యా. అందుకే నాకు తెల్దు."

రెండేళ్లుగా నేను కుళ్లుకున్నది నాలాగే ఆ ఊరు చూడని మనిషిని చూసి! నా అసూయకు కనీసం ఆధారం కూడా లేదు.

కానీ బట్టీపట్టిన చదువు ఊరుకుంటుందా? "తూమర్స్‌బాఖ్!" అని అరిచాను. "అవతలి గట్టు పేరు. వేసవిలో పడవలు అటూ ఇటూ తిరుగుతాయి. దిగిన రేవులోనే నిలబడమను!"

సిద్ధయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మే, ఈడ సత్యనారాయణ సారు ఉండాడు. ఆ దేశం నాకంటే ఆయనకే బాగా తెల్సు. చెప్పినట్టు యిను," అని ఫోను నా చేతిలో పెట్టాడు.

"అమ్మా, వచ్చే పడవ గోపురం వైపు పోతుందేమో అడిగి ఎక్కు. ఎక్కాక చెప్పు, గోపురం పెద్దదవుతోందా?"

"ఎక్కినా సార్... పెద్దదైతాంది సార్! ఆయమ్మ గూడా వస్తాంది. నెట్టు పోతాదని నేనే ఇడిసిపెట్టల్యా!"

ఆమె రేవులో దిగగానే సిద్ధయ్య నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "ఇప్పుడు మలయాళీ కొట్టు కాడుండావు. బిర్యానీ వాసన పక్కకు పో."

"ఈడ బిర్యానీ వాసన ల్యాదన్నా!"

"ఉండాదనుకో మే! యల్లా, నడు!"

అక్కడి టైములో అయిదుకు ఏడు నిమిషాలుండగా వెంకటేశ్వరి, "వలన్న షాపు కాడికి వచ్చేసినా! ఉల్లిపాయలు కోయాల, పెట్టేస్తాండా," అంది. ఖాసిం వలి గుమ్మంలోకి వచ్చి తన షాపు బోర్డును కొత్తగా చూసుకున్నాడు.

టీ తాగుతూ సిద్ధయ్య అడిగాడు. "సార్, ఆ అవతలి గట్టు పేరేందన్నారు?"

చెప్పాను.

"అది మీదే సార్. వచ్చే ఏడు పోయేటోళ్లకు మీరే చూపియ్యాల."

ఆ మరుసటి శుక్రవారం, ఈ నొప్పుల మోకాళ్లతోనే, కాలినడక వంతెన ఎక్కి పెద్ద రోడ్డు దాటాను. అవతల పంక్చరు షాపు, పక్కన ఇరానీ రొట్టెల పొయ్యి. ఏది తూమర్స్‌బాఖ్ రేవు చెయ్యాలా అని చాలాసేపు ఆలోచించి, రొట్టెల పొయ్యికే ఓటు వేశాను. తప్పిపోయిన మనిషి పడవ కోసం నిలబడాల్సి వస్తే, వేడి రొట్టె పక్కన నిలబడ్డం మంచిది కదా.