ఒక్క పడవా ముంచని మా మామగారు

మా మామగారు పోయారు. ఎండాకాలం కాలువలకు నీళ్ళు కట్టేసిన వారంలోనే, రేపల్లెలో కూతురింట్లో, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మనిషి మళ్ళీ లేవలేదు. కబురు తెనాలికి వచ్చేసరికి నేను పెరట్లో వడియాలు పెడుతున్నాను. చేతికంటిన పిండి కడుక్కోకుండానే వాకిట్లోకి వచ్చాను. ఏడుపు రాలేదు. రాలేదనే రాస్తున్నాను.

పరామర్శకు వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "ఎంత పేరున్న పడవల కంపెనీ అమ్మా! ఎంత మహానుభావుడు!" తల వంచుకుని విన్నాను. మహానుభావుడితో ఇన్నేళ్ళు ఒక కప్పు కింద వేగింది నేను కదా, నాకు తెలియదూ! బతుకులో ఒక్క పడవా ముంచని మనిషి, కంపెనీని మాత్రం నిలువునా ముంచారు. పోయినాయన గురించి ఇలా రాయకూడదంటే, మంచి మాటలు రాసేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళెవరూ ఆయనకు వండి పెట్టలేదు.

నేను బాపట్ల నుంచి కోడలిగా వచ్చినప్పుడు వీళ్ళకు ఐదు పడవలు. రేపల్లె వైపు పండిన ధాన్యమైనా, మా బాపట్ల వైపు పండినదైనా, తెనాలి మిల్లులకు మా పడవల మీదే రావాలి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు వెంట నడుస్తూ తాడుతో లాగే మనుషులు. ఇల్లు కాలువ ఒడ్డునే. తెల్లారగానే మామగారు రేవులోకి దిగి ప్రతి పడవ ముడీ చేత్తో పట్టి చూసేవారు. నచ్చకపోతే అక్కడే విప్పి పారేసి, కట్టినవాడి ఏడు తరాలనూ తిట్టేవారు. "ముడంటే కదిలేకొద్దీ బిగియాలి, మనం లాగితే ఊడాలి" అనేవారు. ఆయన నోటి నుంచి నేను విన్న పనికొచ్చే మాట అదొక్కటే.

ఎండాకాలంలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు కదా, ఆ రోజు మా ఇంట్లో పండగ. పడవలన్నీ గట్టెక్కించి, పడవవాళ్ళందరికీ గారెలు, పులిహోర, పరవాన్నం. వండేది ఎవరనుకున్నారు? నేనే. ఆపైన నీళ్ళు వదిలేదాకా చెక్కల సందుల్లో జనపనార కూరడం, గుగ్గిలం పూయడం, చుట్ట కాలుస్తూ కూర్చోవడం. ఎవరైనా సరుకుందని వస్తే "నీళ్ళొచ్చాక రండి" అని పంపేసేవారు. తాతల నాటి నుంచీ అదే పద్ధతి. వాళ్ళూ ఆగేవారు. ఆగక ఏం చేస్తారు, ఇంకో దారి లేదు మరి.

అరవైల్లో ఆ దారి వచ్చింది. రేపల్లె రోడ్డు మీద లారీలు తిరగడం మొదలైంది. మాకు తరతరాలుగా సరుకిచ్చే మిల్లాయన ఓ ఎండాకాలం మొహమాటపడుతూ వచ్చారు.

"బావగారూ, ఈ రెండు నెలలూ లారీకి వేస్తున్నానండి. మిల్లు ఆపుకోలేకపోతున్నా."

మామగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "వేసుకో బావా, వేసుకో. వేసంకాలం చుట్టాలు వాళ్ళు. నీళ్ళు రాగానే మూటాముల్లె సర్దుకుని పోతారు."

నీళ్ళొచ్చాయి. చుట్టాలు పోలేదు. మిల్లాయన మా రేవు మొహం చూడలేదు.

మా ఆయన ఒక్కగానొక్క కొడుకు. తండ్రి ఎదుట గట్టిగా తుమ్మని మనిషి, ఆ ఏడు నోరు విప్పారు. "నాన్నా, మనమూ ఓ లారీ కొందాం. నీళ్ళున్నప్పుడు పడవ, లేనప్పుడు లారీ. సరుకు మన చెయ్యి దాటిపోకుండా ఉంటుంది."

"నీళ్ళు ఊరికే మోస్తాయిరా. నూనె తాగే దున్నపోతుని తెచ్చి నా రేవులో కడతానంటావా?"

"దున్నపోతే. కానీ ఎండల్లో కూడా నడుస్తోంది కదా నాన్నా!"

దానికి ఆ మొండిఘటం ఏం చేశారో తెలుసా? ఉన్నవాటన్నిటికంటే పెద్ద పడవ కట్టించారు. రెండు లారీల సరుకు ఒక్కసారే మోయాలట! ఎంత పెద్దదైతే ఏం, కాలువ కట్టేస్తే గట్టెక్కాల్సిందే కదా. ఆ ముక్క ఇంట్లో అందరికీ తెలిసింది. ఆయనకూ తెలిసింది, ఒప్పుకోలేదంతే. పడవలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. పెద్దదాన్ని కొనేవాడే లేక గట్టు మీదే ఎండి బీటలు వారింది. చివరికి దాని చెక్కలు కొట్టించి పొయ్యిలో పెట్టింది నేనే. గుగ్గిలం పొగ చూరిన అన్నం తిన్నామండీ ఓ ఏడాది పొడుగునా.

మా ఆయన డ్రైవింగు నేర్చుకుని, అదే మిల్లుకు సరుకు తోలే ఇంకొకరి లారీ ఎక్కారు. ఇల్లు గడవాలి కదా. ఆ రోజే మామగారు తేల్చి చెప్పేశారు. "లారీ ఎక్కినవాడికి నా పంక్తిలో చోటు లేదు."

అంతే. ఆ ఇంటి కొడుకు ఆ ఇంటి అరుగు మీద, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా తిన్నారు. ఒక పూటా రెండు పూటలా, ఏళ్ళ తరబడి. లోపల మామగారు విస్తరి ముందు కూర్చుని, ముద్ద ఎత్తబోయే ముందు గట్టిగా అడిగేవారు.

"అరుగు మీద వడ్డించావా?"

"వడ్డించానండీ" అంటేనే చెయ్యి కదిలేది. బయట మా ఆయనా అంతే, ఆ ప్రశ్న వినపడ్డాకే అన్నం కలుపుకునేవారు. తండ్రీకొడుకుల మధ్య మిగిలిన మాట అదొక్కటే, అదీ నా మీదుగా. లోపలికి రమ్మనడానికి నోరు రాదు కానీ ఈ వాకబు ఒకటి! నాకు ఒళ్ళు మండిపోయేది.

ఓసారి బాపట్ల రోడ్డులో లోడు జారి బస్తాలు పక్కనున్న పంటబోదె నీళ్ళలో పడ్డాయి. ఇంకోసారి ఇలా జరిగితే పని మానుకోమన్నాడు లారీ ఓనరు. ఆ సంగతి మా ఆయన అరుగు మీద నాతో చెబుతుంటే లోపల చుట్ట వాసన ఆగిపోయింది. తెల్లారి చూద్దును కదా, మామగారు పడవ లాగే పాత తాడు భుజాన వేసుకుని వాకిట్లో ఆగిన లారీ ఎక్కి ఉన్నారు. కట్టిందంతా విప్పేసి, మొదటి నుంచీ మళ్ళీ కడుతున్నారు. "పడవలో సరుకుని నీళ్ళు పట్టుకుంటాయి. దీన్నెవడు పట్టుకుంటాడు, నీ బాబా?" అని కొడుకు వైపు చూడకుండానే అరిచారు. బాబు తనేనన్న సంగతి మరిచిపోయినట్టున్నారు. ఆ తర్వాత లారీ మా వాకిట్లో ఆగిన ప్రతి తెల్లవారుజామునా వచ్చి ముళ్ళు చూసేవారు. మళ్ళీ ఒక్క బస్తా జారలేదు. మా ఆయన పని నిలిచింది. ఆ అన్నం ఆయన పెట్టిందే, కాదనను.

మిల్లాయనే వచ్చి బతిమాలారు. "బావగారూ, మా లారీలన్నిటికీ మీరే లోడు కట్టించండి." ఒప్పుకునుంటే మళ్ళీ కంపెనీ నిలబడేది. "లారీవాళ్ళకు నేను పనిచెయ్యను" అన్నారు, పొద్దున్నే లారీ దిగి కాళ్ళు కడుక్కుంటూ!

ఆ పూట ఇంక ఆగలేకపోయాను. "వాకిట్లో లారీ ఎక్కుతారు, కొడుకుని గడప ఎక్కనివ్వరు. ఒక్కసారి రమ్మంటే మీ సొమ్మేం పోయింది మామయ్యగారూ?"

ఎత్తిన ముద్ద విస్తట్లో పెట్టేసి అన్నారు. "వాడు లోపలికొస్తే నేను తప్పని ఒప్పుకున్నట్టే అమ్మాయ్."

"తప్పే కదండీ!" అన్నాను. ఆ పూట మజ్జిగ ముట్టకుండా లేచారు.

ఒప్పుకోకుండానే పోయారు. రేపల్లె నుంచి ఆయన్ని లారీ మీదే తెచ్చాం. మంచం కదలకుండా మా ఆయన ఆ తాడుతోనే, ఆ ముళ్ళే వేసి కట్టారు. దారి పొడుగునా కాలువ ఎండిపోయి ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు లోపల, మామగారు కూర్చునే చోట విస్తరి వేశాను. "ఇక లోపలికి రండి, వద్దనేవాళ్ళెవరూ లేరు" అన్నాను. మా ఆయన వచ్చారు, ఆ చోటు చూశారు, విస్తరి తీసుకుని అరుగు మీదికే వెళ్ళి కూర్చున్నారు. వడ్డించాను. పప్పు వేశాను, నెయ్యి వేశాను. చెయ్యి పెట్టరే! గుమ్మం వైపే చూస్తున్నారు. అన్నం చల్లారిపోతోంది.

నేను లోపలికి వెళ్ళి, ఆ పాడు ప్రశ్న, మామగారు అడిగినంత గట్టిగా అడిగాను.

"అరుగు మీద వడ్డించావా?"

బయట అన్నం కలుపుకుంటున్న చప్పుడు వినపడింది.