కరగని అల్యూమినియం, ఈదే చేపలు

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల గాజు భవనం లేస్తున్న రోజులవి. ఊళ్ళో జాతకాలు చెప్పేవాడి దగ్గర్నుంచి కళ్ళజోళ్ళ దుకాణం దాకా అందరూ బోర్డు మీద కంప్యూటర్ అన్న మాట రాయించుకున్నారు. లోహశాస్త్రం చదివిన నేను మాత్రం శేరిలింగంపల్లి దాటాక నల్లగండ్ల దారిలో, ఒక రేకుల షెడ్డులో అల్యూమినియం కడ్డీని అల్యూమినియం పలక మీద రుద్దే ఉద్యోగంలో ఉన్నాను. మా బావగారైతే, "రుద్దడానికి ఎమ్‌టెక్ ఎందుకమ్మా?" అని ప్రతి పండక్కీ అడిగేవారు.

పని చెప్పడానికి తేలికే. పాత మిల్లింగ్ మెషీన్‌కి కడ్డీని నిలువుగా బిగించి, గిర్రున తిప్పుతూ పలక మీద నొక్కాలి. రాపిడి వేడికి కడ్డీ కొస కరగకుండానే పిండిముద్దలా మెత్తబడుతుంది. పలకని మెల్లగా జరిపితే వెనకాల ఒక పొర అంటుకుంటుంది. దాని మీద ఇంకో పొర. అలా వస్తువునే కట్టుకుంటూ పోవచ్చని మా ఆశ. మేం వాడే రకం అల్యూమినియాన్ని కరిగించి అతికితే బీటలిస్తుంది. మా పద్ధతిలో ఆ బాధ లేదు. వేరేవి ఉన్నాయి: కడ్డీ వంగిపోయేది, పొర పెచ్చులా ఊడొచ్చేది.

ఒక పెద్ద అధికారి చూడ్డానికొస్తున్నాడని తెలిశాక మా యజమానికి కాలు నిలవలేదు.

"ఏమ్మా, ఇందులో కంప్యూటర్ ఎక్కడుంది?"

"లేదండి. అంతా చేత్తో నడపడమే."

"లేదని ఆయనతో అనకు."

మర్నాడే కంప్యూటర్ వచ్చింది. మెషీన్ పక్కన బల్ల వేయించి, పట్టుగుడ్డ పరిచి దాన్ని కూర్చోబెట్టాడు. దానికీ మెషీన్‌కీ మధ్య ఒక్క తీగ కూడా లేదు. మా ఆపరేటర్‌ది మెదక్ వైపు. దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఏం జేస్తది మేడం?" అన్నాడు.

"చూస్తుంది."

"మంచిగనే ఉన్నది. మనం జేస్తే అది చూస్తది. ఆఫీసర్ లెక్క."

అధికారి వచ్చిన రోజు కడ్డీ ఎందుకో మా మాట విన్నది. పొర మీద పొర పడి, బొటనవేలంత గోడ లేచింది. సంతోషంగా మెషీన్ ఆపాను. చూపిద్దామని తిరిగితే, అందరి వీపులూ నా వైపే ఉన్నాయి. కంప్యూటర్ తెర మీద రంగురంగుల చేపలు ఈదుతున్నాయి. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే వచ్చే బొమ్మలవి.

"ఈ చేపలేమిటి?" అన్నాడు అధికారి.

మా యజమాని తడుముకోలేదు. "కూలింగ్ సిస్టమ్ అండి. మెటల్ వేడెక్కకుండా అవే చూసుకుంటాయి."

"వెరీ గుడ్."

ఫొటో తీశారు. వేడి పలకని పట్టకారుతో పట్టుకుని నేనూ వెళ్ళి నిలబడ్డాను. తెర మీద నీడ పడుతోందని పక్కకి జరగమన్నారు.

ఆ ఫొటో పేపర్లో పడ్డాక మా యజమాని కళ్ళు తెరుచుకున్నాయి. చేపలకే ఇంత గౌరవం దక్కుతుంటే అల్యూమినియం దేనికనుకున్నాడు. షెడ్డు సగానికి అద్దాల గోడ కట్టించి, ఏసీ పెట్టించాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని జనం భయపడుతున్న కాలం కదా, ఆ భయాన్ని నమ్ముకుని శిక్షణ సంస్థ తెరిచాడు. నన్ను పిలిచాడు.

"నువ్వు చదువుకున్నదానివి. ఆ రుద్దుడు మానేసి పాఠాలు చెప్పమ్మా."

"నాకు కంప్యూటర్ రాదండి."

"నేర్చుకోడానికి వచ్చేవాళ్ళకీ రాదు కదా. ఎవరు కనిపెడతారు?"

పాఠాలకి నేను ఒప్పుకోలేదు. యజమాని అమ్మకానికి పెట్టిన మెషీన్‌ని జీడిమెట్లలో ఒకాయన కొనుక్కున్నాడు. దాంతోపాటు ఆపరేటర్‌నీ నన్నూ తీసుకెళ్ళాడు. పగలు ఆయనకి గేర్ చక్రాలు కోసేవాళ్ళం, తీరిక దొరికితే మా కడ్డీ బిగించేవాళ్ళం. చివరికి కడ్డీని పొట్టిగా కోసి, నొక్కుడు తగ్గించాక వంగడం ఆగింది. ఒక ముక్కని అడ్డంగా కోసి, నునుపుచేసి, మైక్రోస్కోప్ కింద పెట్టాను. పొరకీ పొరకీ మధ్య గీత కనబడలేదు. ఆపరేటర్‌ని పిలిచి చూపించాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"మంచిగ అంటుకున్నది మేడం," అన్నాడు. "ఇగ నడువుండ్రి, చాయ్ తాగుదాం."