ఇల్మా మాటల పాత కాపీ

బోయిగూడలో అల్లాబక్ష్ పరుపుల దుకాణానికి బోర్డు లేదు. గుమ్మం ముందు ఎండలో ఆరబోసిన దూదే దానికి గుర్తు. తాత విల్లుతో దూది ఏకాడు, తండ్రి మిషను పెట్టించాడు, ఇతను పరుపులు కుడతాడు. ఎవరైనా పలకరిస్తే తలూపుతాడు తప్ప మాట కలపడు. ఇంట్లో మాట్లాడే పనంతా భార్య నజ్మున్నీసాదే.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఇల్మాకు పదకొండేళ్లు. పిల్లకు వినబడుతుంది గానీ మాటలు రావు. వచ్చేవి కొన్ని శబ్దాలు, కొన్ని సైగలు. అవి ఏ బడిలోనూ నేర్పేవి కావు, తను కల్పించుకున్నవి. నాలుక ఆడించి "ల్ల ల్ల" అంటే ఫ్యాను ఆపమని. మోచేయి రుద్దుకుంటే గదిలో ఉన్నవాళ్లెవరో నచ్చలేదని. ఇలాంటివి ఒకటి రెండు అల్లాబక్ష్‌కూ తెలుసు. మిగతావన్నీ నజ్మున్నీసాకే. కొత్త సైగ పట్టుకున్నప్పుడల్లా ఫోనులో రాసిపెట్టేది. పిల్ల పెరుగుతుంటే సైగలు మారేవి. ఆమె కూడా కొట్టేసి మళ్లీ రాసేది.

మొన్న చలికాలంలో కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుతూ ఏరుతూ నజ్మున్నీసా కూలిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆస్పత్రికి చేరకముందే ప్రాణం పోయింది. చేతిలోని ఫోను రోడ్డు మీద పడి ఏదో ఆటో చక్రం కింద నలిగిపోయింది.

ఆ తర్వాత ఇల్మా సరిగా తినలేదు. కంచం తోసేసేది. గంటలకొద్దీ ఒకటే శబ్దం చేసేది. అల్లాబక్ష్ నీళ్లు తెచ్చేవాడు, బిస్కెట్లు తెచ్చేవాడు, టీవీ పెట్టేవాడు. అదేదీ కాదు. పిల్ల అతని ముఖంలోకి చూసి, ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా నెమ్మదిగా అదే శబ్దం చేసేది. అర్థం కానివాడికి మనం విడమరిచి చెప్పినట్టు.

మారేడ్‌పల్లిలో ఇల్మా వెళ్లే ప్రత్యేక పిల్లల బడిలో జెరూషా అనే టీచరు ఉంది. ఆవిడ ఒకరోజు అతన్ని ఆపింది.

"అల్లాబక్ష్ గారూ, నజ్మా గారు ఫోనులో రాసుకునేవారు కదండీ. నాకు ఏదైనా అర్థం కాకపోతే ఫోన్ చేస్తే చూసి చెప్పేవారు. అవి ఉంటే మాకూ ఒక కాపీ ఇవ్వండి."

"ఫోన్ పలిగిపోయింది టీచరమ్మా."

"ఫోన్ పోయినా నెట్‌లో బ్యాకప్ కాపీ ఉంటుందండీ. మీ ఫోనులో ఆవిడ రాసుకున్న నోట్స్ యాప్ వేసుకుని ఆవిడ అకౌంటుతో తెరిచి చూడండి."

అతను భార్య సిమ్ము తన ఫోనులో వేసి, పక్క దుకాణంవాళ్లను అడిగి యాప్ పెట్టించుకున్నాడు. తెరిస్తే తెల్లటి పేజీ. నోట్స్ ఏమీ లేవని రాసి ఉంది. నెట్ సరిగా లేదేమో అనుకున్నాడు. మర్నాడు మళ్లీ తెరిచాడు. దూది ఏకుతూ మధ్యలో చేతులు తుడుచుకుని తెరిచాడు. మిద్దె ఎక్కి తెరిచాడు. వారాలు గడిచాయి. చివరికి మారేడ్‌పల్లిలో ఫోన్లు బాగుచేసే సత్యదేవ్ దగ్గరికి వెళ్లాడు.

సత్యదేవ్ నజ్మున్నీసా అకౌంటు తన కంప్యూటర్లో తెరిచాడు. బ్యాకప్ అని ఐదు ఫైళ్లు ఉన్నాయి. అల్లాబక్ష్ ముఖం వెలిగింది. కానీ ఒక్కొక్కటే తెరిస్తే ఐదూ ఖాళీ.

"ఈ యాప్ ఎన్నిసార్లు తెరిచినవ్ అన్నా?"

"రోజూ తెరిచిన. ఒక్కోరోజు రెండు మూడు సార్లు."

సత్యదేవ్ ఐదు ఫైళ్ల తేదీలూ మళ్లీ ఒకసారి చూశాడు.

"ఏందీ, చెప్పు జెర."

"ఇది తెరిచినప్పుడల్లా తనంతట తానే ఒక బ్యాకప్ తీసుకుంటది. ఆఖరి ఐదు ఉంచి, అంతకు ముందువి తీసేస్తది. పాతవి మనం ఎక్కిస్తెనే వస్తయ్, నీ ఫోన్ల ఏం లేకుండె. ఆ ఏం లేనిదాన్నే దాచుకుంట పోయింది. వదిన రాసినవి ఒక్కొక్కటి ఎళ్లిపోయినయ్."

అల్లాబక్ష్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"అంటే నేను వెతుకుడుతోనే పోయినయా?"

"నీకేం తెలుసన్నా. నాకు సుత ఇప్పుడు చూస్తెనే తెలిసింది."

సత్యదేవ్ అకౌంటులో తీసేసినవి చేరే చెత్తబుట్టలో వెతికాడు, లేవు. యాప్ కంపెనీకి మెయిలు పెట్టాడు. తీసేసిన బ్యాకప్‌లు తిరిగి రావని నాలుగు రోజులకు జవాబు వచ్చింది.

"పాప సంగతి రాసినవా వాళ్లకు?" అని అడిగాడు అల్లాబక్ష్.

"రాసిన అన్నా. మస్తు రాసిన."

ఆ అకౌంటులోనే వేరే చోట ఇంకొక ఫైలు కనబడింది. మూడేళ్ల కిందట ఫోను మార్చినప్పుడు నజ్మున్నీసా విడిగా దాచుకున్న కాపీ అది. దాన్ని యాప్‌లోకి ఎక్కిస్తే తెరుచుకుంది. ఇల్మాకు ఎనిమిదేళ్లప్పటి మాటలు. అల్లాబక్ష్ ఆ దుకాణం మెట్ల మీదే కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. "అన్నం మీద చెయ్యి బోర్లిస్తే కాలుతుందని. అలిగిందనుకోవద్దు." "చెవి లాక్కుంటే నిద్ర వస్తుందని. దుప్పటి కప్పి పక్కన కూచోవాలె. మాట్లాడొద్దు."

ఆ మధ్యాహ్నం ఇల్మా అన్నం మీద అరచెయ్యి బోర్లించింది. అతను కంచం లాక్కుని విసనకర్రతో విసిరాడు. పిల్ల కంచం ఖాళీ చేసింది. అల్లాబక్ష్ వంటింట్లోకి వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చాడు.

వానలు మొదలైనప్పుడు ఇల్మా చెవి లాక్కోవడం మొదలుపెట్టింది. అతను దుప్పటి కప్పి, పక్కన కూర్చుని, ఒక్క మాటా మాట్లాడలేదు. పిల్ల దుప్పటి తన్నేసింది. మళ్లీ కప్పాడు. ఏడ్చింది. నిద్ర పట్టక ఏడుస్తోందనుకుని కిటికీలకు గుడ్డ కట్టి చీకటి చేశాడు. అలా కొన్ని రోజులు గడిచాయి. ఒకనాడు బడి నుంచి జెరూషా ఫోన్ చేసింది. పాప చెవిలోంచి చీము కారి యూనిఫాం కాలరు తడిసిందని చెప్పింది.

డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, లోపలి పొరకు చిల్లు పడిందన్నాడు.

"ఇన్ని రోజులు ఏం చేస్తున్నారండీ? నొప్పని పాప చెప్పలేదా?"

"చెప్పింది సార్," అన్నాడు అల్లాబక్ష్. "రోజూ చెప్పింది. నాకే తెలవలె."

మందులకు నొప్పి తగ్గింది. వినికిడి సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. ఈ మూడేళ్లలో నజ్మున్నీసా ఆ చెవి మాట మార్చి రాసిందో లేదో అతనికి తెలిసే దారి లేదు. ఆ కాపీని తీసేయడానికి చెయ్యి రావడం లేదు. అందులో ఏ మాట ఇంకా నిజమో, ఏది కాదో పిల్లను అడిగి తెలుసుకోలేడు.

మొన్న ఆదివారం పొద్దున అతను కుట్టుపని ముందు వేసుకుని కూర్చున్నాడు. ఇల్మా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. దాన్ని తీసుకెళ్లి తన నడినెత్తి మీద పెట్టుకుని, కళ్లు మూసుకుంది.

"ఏం కావాలె బేటా?"

దువ్వెన తెచ్చాడు. కాదు. నూనె తెచ్చాడు. కాదు. నుదురు ముట్టి చూశాడు, చల్లగానే ఉంది. కాపీలో వెతికాడు, ఈ సైగ లేదు. ఊరికే నిమిరాడు. పిల్ల ఆ చెయ్యి ఆపి, ఎత్తి, మళ్లీ అదే చోట పెట్టింది. కళ్లు మూసుకుని ఎదురుచూసింది.

"నాకు తెలవదు బిడ్డా," అన్నాడతను.

ఇల్మా ఇంకొంతసేపు అలాగే నిలబడింది. తర్వాత అతని చేతిని మెల్లగా దించి, సూది పక్కన పెట్టి, లోపలి గదిలోకి వెళ్లిపోయింది.