కారం లేని పప్పు

నాకు అనుమానం ఎక్కువ. పుట్టుకతో వచ్చిందో, ఈ ఊళ్ళో కాపురం చేస్తే వచ్చిందో చెప్పలేను. పాలతను గిన్నెలో పాలు పోస్తుంటే నా చూపు పాల మీద కాదు, అతని చెయ్యి మీద ఉంటుంది. బజారులో కారప్పొడి ఎర్రగా కనిపిస్తే రంగు కలిపారంటాను. ఎర్రగా లేకపోతే పాతకాయ అంటాను. నీకు పోలీసు ఉద్యోగం రావాల్సింది, అనవసరంగా వంటింట్లో పడ్డావని మా ఆయన ఎగతాళి చేస్తారు. చెయ్యనీ. ప్రత్తిపాడు పక్కన మిర్చి పండించే ఇంట్లో పుట్టి, మిర్చి పండించే ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. కాయకి ఎన్ని మందులు కొడతారో, కాటా దగ్గర ఏమేం జరుగుతాయో చూసినదాన్ని. నమ్మమంటే ఎట్లా నమ్ముతాను?

అందుకే మా ఇంటి తిండి ఏదైనా నా కళ్ళముందు తయారవ్వాల్సిందే. మా కల్లంలో ఎండిన కాయ కొంత పక్కన పెట్టించి, తొడిమలు నేనే తీసి, మిల్లు దగ్గర నిలబడి కారం పట్టించుకొస్తాను. కొన్న నెయ్యి మా గడప తొక్కి ఏళ్ళయింది. ప్యాకెట్ నూనెలూ అంతే. తెలిసిన రైతు దగ్గర నువ్వులు తీసుకుని, జల్లించి, ఎండబెట్టి, గుంటూరులో చెక్క గానుగకి పట్టుకెళ్ళి, డబ్బా నిండేదాకా స్టూలు వేసుకుని అక్కడే కూర్చుంటాను. గానుగతను మొదట్లో నవ్వేవాడు. తర్వాత్తర్వాత నన్ను చూడగానే స్టూలు తనే తెచ్చి వేసేవాడు. ఈ లోకంలో నేను అనుమానించని వస్తువు ఆ నూనె ఒక్కటే. మా ఇంట్లో పచ్చడి ముద్దలోకి అదే, పొడి ముద్దలోకి అదే, తాలింపులోకీ అదే. ఎవరికైనా నోరు మండిందంటే ఇంకో చెంచా నూనె వేసుకోమంటాం. మా వైపు అందరూ అట్లాగే తింటారు.

కిందటేడు కోడలు వచ్చింది. చీరాల పిల్ల. మంగళగిరిలో ఏదో ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నే రెండిడ్లీలు పంచదార అద్దుకుని గబగబా మింగి బస్సెక్కితే, మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేది. మధ్యాహ్నం అక్కడి క్యాంటీన్లో తినేది. రాత్రి లావైపోతానని భయపడి పాలు, అరటిపండుతో సరిపెట్టేది. నా చేతి అన్నం ఆమె కడుపునిండా తినేది ఆదివారాలే.

మొదటి ఆదివారం గోంగూర పచ్చడి నూరాను. వేడివేడి అన్నంలో కలిపి, పైన ధారగా నూనె పోశాను. నాలుగు ముద్దలు తిని ఆగిపోయింది. నోరంతా దురదగా ఉందని, గొంతు పట్టేసినట్టుందని మెల్లగా చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మీ చీరాల కారం వేరు, మా కారం వేరు, నెల తిరిగేసరికి అలవాటవుతుందిలే అని ఇంకాస్త నూనె పోశాను. అదీ తినేసింది. సాయంత్రానికి మెడ నిండా దద్దుర్లు. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి తాగించాను. తెల్లారేసరికి తగ్గిపోయాయి. మా నేల మీద నోరు మండిందంటే అన్నం తిన్నావనే అర్థం. దానికెవరు డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు?

మళ్ళీ ఆదివారం అదే తంతు. ఆ పై ఆదివారమూ అదే. ఒకసారి ఉత్త దురద, ఒకసారి దద్దుర్లు, ఒకసారి వాంతి. సోమవారం నుంచి శనివారం దాకా మాత్రం పిల్ల నిక్షేపంగా ఉండేది. క్యాంటీన్లో ఎవడు వండాడో, ఏ నూనెలో వండాడో తెలియని తిండి పడుతుంది. నేను ఒళ్ళు హూనం చేసుకుని వండిందే పడదు. ఇదేం రోగమమ్మా అనుకున్నాను. అంతలో ఒకరోజు మా అబ్బాయి, ఆమెకి రోజూ ఈ బస్సు తిప్పలెందుకు, మంగళగిరిలో చిన్న వాటా చూసుకుంటే ఎట్లా ఉంటుందమ్మా అన్నాడు. ఓహో, అదా సంగతి. దద్దుర్లు ఎక్కడినుంచి వస్తున్నాయో నాకు అర్థమైపోయింది, వేరు కాపురం కోసం గోక్కుని తెచ్చుకుంటోంది అనుకున్నాను.

అసలు ఈ ‘పడదు’ అనే మాట మీదే నాకు చిన్నప్పటినుంచీ గురి లేదు. మా అత్తగారికి వంకాయ పడదు. మా మరిదికి ఎండుచేపలు పడవు. మా ఆయనకి కాకరకాయ పడదట, అసలు కారణం చేదు. వంకాయ పడదన్న మా అత్తగారు పెళ్ళి విందులో గుత్తివంకాయ రెండోసారి వేయించుకోవడం నేను కళ్ళారా చూశాను. కోడలు చెప్పేదాన్నిబట్టి వాళ్ళ ఆఫీసులో ఒకావిడకి పాలు పడవు, ఒకతనికి రొయ్యలు పడవు, ఇంకొకరి పసిపాపకి గుడ్డూ వేరుశెనగా రెండూ పడవు. మా కాలంలో లేని ఎలర్జీలు ఇప్పుడు ఇంటికొకటి ఎట్లా వచ్చాయి? అంతా వేషాలేనని తేల్చుకున్నాను.

తేల్చుకుని ఊరుకుంటే బాగుండేది. ఒక ఆదివారం ఆమెకి పరీక్ష పెట్టాను.

ఆ రోజు మిరపకాయ అన్నది ముట్టుకోలేదు. పెసరపప్పు, జీలకర్ర తాలింపు. సొరకాయ కూర, ఉప్పూ పసుపూ అంతే. గుంటూరు జిల్లాలో ఆదివారం పూట ఎండుమిరపకాయ లేని తాలింపు వేసిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. చప్పగా ఉంటే నోటికి పోదని పప్పు మీద నూనె మాత్రం ఎప్పటికంటే రెండింతలు పోశాను. నా లెక్క తేలిక. కారమే లేని అన్నం తిని కూడా నోరు మండిందంటే దొంగ దొరికినట్టే.

కోడలు కంచం వైపు చూసింది, నా వైపు చూసి నవ్వింది. దొంగనవ్వు అనుకున్నాను. ఇదేంటి, ఆసుపత్రి తిండిలా ఉందని మా ఆయన విసుక్కుని లేచి వెళ్ళి పచ్చడి జాడీ తెచ్చుకున్నారు. నేను ఎదురుగా కూర్చుని ఆమె ముద్దలు లెక్కపెడుతున్నాను. రెండో ముద్దకి ఆగి మంచినీళ్ళు తాగింది. మళ్ళీ తింది. మళ్ళీ నీళ్ళు. మెతుకు మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కోవడానికి లేచి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఇటు తిరిగేసరికి పెదాలు ఉబ్బి ఉన్నాయి. కళ్ళు పూడుకుపోతున్నాయి. ఏదో చెప్పబోతే మాట రాలేదు.

అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో ఇక్కడ రాయాలి, రాయకపోతే ఇదంతా రాసి దండగ. బాగానే నటిస్తోంది అనుకున్నాను. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఆమె ఊపిరి తీస్తుంటే ఈలలాంటి చప్పుడొచ్చింది, పెదాల చుట్టూ నల్లబడింది. ఎంత నటించినా మనిషి ఆ రంగుకి రాదు. అప్పుడు అరిచాను. మా అబ్బాయి పరిగెత్తుకొచ్చి ఎత్తుకెళ్ళి కారులో పడుకోబెట్టాడు.

గుంటూరు వెళ్ళేదాకా ఆమె తల నా ఒళ్ళోనే ఉంది. దారిపొడవునా నేను దేవుడికి మొక్కింది ఒకటే, ఇది నటనే కావాలని. నా అనుమానమే నిజం కావాలని జీవితంలో ఎప్పుడూ అంతగా కోరుకోలేదు.

ఆసుపత్రిలో తొడకి ఇంజెక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టారు. కాస్త కుదుటపడ్డాక డాక్టరమ్మ బయటికొచ్చి ఏం తిన్నదని అడిగింది. పప్పు, సొరకాయ, కారం చుక్క లేదని చెప్పాను. నూనె సంగతి అడిగితే, అంత గాభరాలోనూ నా గొంతులో గర్వం ఎక్కడికి పోతుంది? కల్తీ అన్న మాటే లేదండీ, నువ్వులు గానుగలో నా ఎదురుగా ఆడించిన నూనె అన్నాను.

"అయితే మొదట అనుమానించాల్సింది దాన్నేనండీ," అంది ఆవిడ.

కల్తీ సంగతి కాదట, నువ్వులే ఆమెకి పడవట. రక్తపరీక్షలో తర్వాత అదే తేలింది. బాగా శుద్ధి చేసిన నూనెల్లో గింజ తాలూకు సారం పెద్దగా మిగలదని, గానుగ నూనెలో ఉంటుందని చెప్పింది. చిన్నపిల్లలకీ వస్తుంది, పెద్దయ్యాకా వస్తుంది, ఒక్కోసారి దద్దుర్లతో పోతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది అంది. తమకి ఉందనుకునేవాళ్ళలో చాలామందికి ఉండదట. నిజంగా ఉన్నవాళ్ళని ఇంట్లో నమ్మరట. ఆవిడ మామూలుగానే చెప్పింది కానీ నేను తలెత్తలేకపోయాను.

చీరాలకి ఫోన్ చేస్తే వియ్యపురాలు ఏడ్చేసింది. పిల్ల పెద్దమనిషైనప్పుడు అందరిలాగే చిమ్మిలి దంచి పెట్టారట. నువ్వులూ బెల్లమూ వేసి దంచిన ఆ ముద్ద తినగానే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయట. నువ్వులు వేడి కదా, దానికితోడు దిష్టి అని ముసలమ్మలు తేల్చేశారట. ఆ తర్వాత పిల్లే నువ్వుల జోలికి పోలేదు, నూనెతోనూ అంతే అవుతుందని మాత్రం తనకీ తట్టలేదట. ఆ ఇంట్లో వాడేది ప్యాకెట్ నూనె, కాబట్టి ఎవరికీ మళ్ళీ గుర్తుకు రాలేదు. గుర్తొచ్చినా పెళ్ళిచూపుల్లో చెబుతామా వదినగారూ అంది. చెప్పినా నేను నమ్మేదాన్నా?

సాయంత్రం కోడలు కళ్ళు తెరిచింది. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. మాట్లాడొద్దమ్మా అంటున్నా వినకుండా, బొంగురు గొంతుతో చెప్పింది.

"నాకోసం కారం లేకుండా వండారు కదత్తయ్యా. రెండో ముద్దకే గొంతు పట్టేసిందండి. వదిలేస్తే మీరు చిన్నబుచ్చుకుంటారని మొత్తం తినేశాను."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అప్పుడు నోరు మూసుకుంటే జన్మంతా మంచి అత్తగారిగా చెలామణీ అయ్యేదాన్ని. నా మీద నాకే అంత రోత ఎప్పుడూ పుట్టలేదు. నీకోసం కాదమ్మా, నిన్ను పట్టుకుందామని వండానని చెప్పేశాను. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఇంటికొచ్చాక నూనె డబ్బా తీసేశాను, జాడీలు, గరిటెలు అన్నీ మార్చాను. మంగళగిరిలో వాటా చూసుకోండమ్మా అని నేనే అన్నాను. చూసుకున్నారు. రెండు నెలల దాకా ఆమె ఇటు రాలేదు. ఫోన్లో మాత్రం మామూలుగానే మాట్లాడేది, నా ఆరోగ్యం అడిగేది.

మొన్న ఆదివారం వచ్చారు. కొత్త గిన్నెలో దోసకాయ పప్పు వండి వడ్డించాను. ఆమె కంచం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు. ఇందులో ఏమేం వేశారత్తయ్యా అని అడిగింది. ఒక్కొక్కటీ చెప్పాను. విన్నది. నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"మీరు ముందు తినండత్తయ్యా," అంది.

నేను తిన్నంతమాత్రాన అది ఆమెకి పడుతుందని లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆమె కంచంలోంచే ఒక ముద్ద తీసుకుని, ఆమె చూస్తుండగా తిన్నాను.