ఆఫీసరు గారికిచ్చిన గ్లాసుడు నీళ్ళు

ఉయ్యూరు బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ పేరు నేను అడగలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, నీళ్ళ డబ్బాలు వేసుకున్న ఆటో ఒకటి మా కిటికీ పక్కకొచ్చి నిలబడింది. ఆవిడ వాటినే చూస్తూ, "మా పక్క స్థలంలోనూ నీళ్ళ ప్లాంటు పెట్టారండీ," అంది.

ఆ ప్లాంటువాళ్ళు లోతుగా బోరు దింపి రాత్రింబవళ్ళు తోడేస్తుంటే, వీళ్ళ బోరులో నీళ్ళు ఉప్పగా మారిపోయాయట. గేదె కూడా మూతి పెట్టడం మానేసిందట. అర్జీల మీద అర్జీలు పెడితే, చివరికి ఒక మిట్టమధ్యాహ్నం ఆఫీసరు వచ్చాడట.

"ఎండనపడి వచ్చారు గదండీ. ఇంటికొచ్చిన మనిషికి ఆ ఉప్పునీళ్ళు ఎలా ఇస్తాం? డబ్బాలో నీళ్ళిచ్చాను."

"ఏ డబ్బా?"

"ఆ ప్లాంటుదేనండీ. మేమూ అవే కొనుక్కు తాగుతున్నాం. ఆయన గ్లాసుడూ తాగి, 'నీళ్ళు బానే ఉన్నాయి కదమ్మా' అని రాసుకుని వెళ్ళిపోయారు. నేను ఖాళీ గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా సాగనంపాను."

అప్పటిదాకా అనుమతి లేకుండానే నడిచిన ప్లాంటుకు అనుమతి వచ్చేసిందట.

నాకు ఒళ్ళు మండింది. "చెయ్యి పట్టుకుని బోరు దగ్గరికి లాక్కెళ్ళాల్సిందండీ!" అన్నాను. ఆవిడ తల దించుకుంది.

తన ఊరు రాగానే సంచీ తీసుకుని లేచింది. రెండడుగులు వేసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగింది.

"మా ఇల్లు ఈ రోడ్డు మీదేనండీ. ఎప్పుడైనా ఇటొస్తే, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళండి."